విశాఖలో లేజర్ పనికి పలుచని చెక్కను తక్కువ ఖర్చుతో సమకూర్చుకునే విధానం

లేజర్ యంత్రాన్ని ఒకసారి కొంటే సరిపోతుంది. చెక్కను మాత్రం ఆ యంత్రం పనిచేసినంత కాలం కొంటూనే ఉండాలి. కైలాసగిరి, కుర్సురా జలాంతర్గామి బొమ్మలతో కీచైన్లు చేసి అమ్మేవారికైనా, ఇళ్లకు నేమ్‌ప్లేట్లు చెక్కి ఇచ్చేవారికైనా, ఆర్కిటెక్చర్ చదువుతూ భవనాల నమూనాలు కట్టే విద్యార్థులకైనా లాభనష్టాలను తేల్చేది ఈ ముడిసరుకే. ఆన్‌లైన్‌లో లేజర్ పని కోసమని ఏ4 సైజు పలకలను కట్టలుగా అమ్ముతారు. ఆ సరుకు సాధారణంగా బాగానే ఉంటుంది కాని, రవాణా ఖర్చు కలిపి చదరపు అడుగుకు ఎంత పడిందో లెక్క వేస్తే, మన ప్లైవుడ్ దుకాణంలో దొరికే పెద్ద షీటు కన్నా అది బాగా ఎక్కువే అవుతుంది. కాబట్టి యంత్రం చేతికి అలవాటయ్యే వరకు ఆ చిన్న కట్టలతో నేర్చుకుని, ఆ తరువాత విశాఖపట్నంలోనే సరుకు చూసుకోవడం మంచిది.

అయితే చదరపు అడుగు ధర తక్కువ కనిపించిన ప్రతి షీటూ చవక కాదు. లేజర్ పనిలో షీటు అసలు ధర తేలేది అందులోంచి ఎన్ని ముక్కలు శుభ్రంగా తెగి ఊడివచ్చాయో చూసిన తరువాతే. కొనేటప్పుడు ఏ నిర్ణయం తీసుకున్నా ఈ విషయాన్నే ముందు పెట్టుకోవాలి.

ఏ రకం చెక్క పనికివస్తుంది

మొదట చూడవలసింది మామూలు ఎండీఎఫ్. కర్ర నారను జిగురుతో కలిపి వేడి మీద నొక్కి చేసే ఈ పలకలో ముడులు, ఖాళీలు, పొరలు ఉండవు. లోపలంతా ఒకే తీరుగా ఉంటుంది కాబట్టి ఒక మూల తెగిన వేగంతోనే మిగిలిన షీటంతా తెగుతుంది. దుకాణంలో 2.5, 3 ఎంఎం మందాలను అడగాలి. 40 వాట్ల సీఓ2 యంత్రం (కార్బన్ డయాక్సైడ్ వాయువు నింపిన గొట్టంతో కిరణాన్ని పుట్టించేది) 3 ఎంఎం ఎండీఎఫ్‌ను ఒకే కోతలో దాటగలదు. నీలి కిరణపు డయోడ్ యంత్రం అయితే దాని శక్తిని బట్టి రెండు మూడు సార్లు, అంతకన్నా ఎక్కువ సార్లు కూడా నడపవలసి రావచ్చు. డయోడ్ యంత్రాల పెట్టె మీద పెద్ద అంకెల్లో రాసే వాట్లు చాలాసార్లు అది వాడుకునే కరెంటును సూచిస్తాయి. కిరణం అసలు శక్తి ఎన్ని వాట్లో విడిగా తెలుసుకుని, దానిని బట్టే చెక్క మందాన్ని నిర్ణయించుకోవాలి.

ఎండీఎఫ్‌కు రెండు లోపాలు ఉన్నాయి. తెగిన అంచు నల్లగా మారి, ముట్టుకుంటే చేతికి మసి అంటుతుంది. పొగలో సన్నని ధూళి, జిగురు నుంచి వచ్చే ఫార్మాల్డిహైడ్ ఉంటాయి కాబట్టి ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టి పొగను గొట్టం ద్వారా బయటకు పంపకుండా ఈ పని చేయకూడదు. ఈ 1, ఈ 2 అని గ్రేడ్లు రాసి ఉంటే ఈ 1 తీసుకోవాలి. ఆ వాయువు తక్కువగా వెలువడే రకం అదే.

ప్లైవుడ్ చూడడానికి అందంగా ఉంటుంది, ఎంగ్రేవింగ్‌లో, అంటే కోయకుండా పైపైన కాల్చి గీసినప్పుడు, కర్ర చారలు కనబడతాయి, అంచు కూడా గట్టిగా నిలుస్తుంది. కాని లేజర్‌కు ప్లైవుడ్ కొనడమంటే లోపలి జిగురును కొనడమే అనుకోవాలి. ఐఎస్ 303 ప్రమాణం కింద వచ్చే ఎంఆర్ (తేమను కొంతవరకు తట్టుకునే) గ్రేడ్‌ను మన దుకాణాల్లో కమర్షియల్ ప్లై అంటారు. ఇందులో సాధారణంగా యూరియా ఫార్మాల్డిహైడ్ జిగురు వాడతారు, అది కిరణానికి పెద్దగా అడ్డుపడదు. ఐఎస్ 710 ముద్ర ఉన్న మెరైన్ ప్లైలో వాడేది ముదురు గోధుమ రంగు ఫినాల్ జిగురు. అది నీటికి లొంగని మాట నిజమే, కాని కిరణానికీ అంత తేలికగా లొంగదు. పొర పొరకూ కాలిపోతూ, అంచును బొగ్గులా మార్చుతూ, చివరికి అక్కడక్కడా తెగకుండానే మిగిలిపోతుంది. సముద్రపు గాలి ఉన్న ఊరు కాబట్టి దుకాణదారులు మంచి ఉద్దేశంతోనే మెరైన్ ప్లై తీసుకోమని సలహా ఇస్తారు. వంటింటి అలమరలకు ఆ సలహా సరైనదే. లేజర్ పనికి మాత్రం అంతకన్నా తక్కువ ధర పలికే ఎంఆర్ గ్రేడే మేలు.

పై పొర రంగును కూడా గమనించాలి. మన మార్కెట్‌లో ప్లైవుడ్ చాలావరకు ఎర్రని ముఖంతో వస్తుంది. దాని మీద ఎంగ్రేవ్ చేసిన అక్షరం ఎరుపు మీద గోధుమ రంగుగా పడి, దూరం నుంచి చదవడానికి కష్టమవుతుంది. తెల్లని ముఖం ఉన్న షీటు అడిగితే అక్షరం స్పష్టంగా తేలుతుంది. హర్యానాలోని యమునానగర్ ప్రాంతపు ప్లైవుడ్‌లో పోప్లర్, నీలగిరి కలపలు వాడతారు. పోప్లర్ మెత్తగా, తేలికగా, పాలిపోయిన రంగులో ఉంటుంది కాబట్టి, అది దొరికిన చోట తీసుకోవడం మంచిది.

బహుమతి వస్తువులు చేసేవారికి 4 ఎంఎం టేకు వెనీర్ ప్లై ఉపయోగపడుతుంది. పైన అరమిల్లీమీటరు మందం కూడా ఉండని అసలు టేకు పొర, కింద మామూలు ప్లై ఉంటాయి. దీనిని షీటుగా కొంటే ఖరీదే. కాని తలుపులు, వార్డ్‌రోబులు చేసే వడ్రంగుల దగ్గర దీని ముక్కలు మిగులుతాయి కాబట్టి, ఆ దారిలో సంపాదించడం తెలివైన పని.

హెచ్‌డీహెచ్‌ఎమ్‌ఆర్ పేరుతో వచ్చే బోర్డు ఎండీఎఫ్ కన్నా సాంద్రమైనది. తేమకు బాగా తట్టుకుంటుంది కాని చిన్న యంత్రాలు దానిని కోయలేవు. దానిని ఎంగ్రేవింగ్‌కు పరిమితం చేసుకోవాలి.

ఎంత చవకైనా తీసుకోకూడనివి

ఈ విషయంలో కొంచెం కఠినంగానే చెప్పవలసి ఉంది. చెదలు, తేమల భయంతో ఈ మధ్య ఇళ్లలో డబ్ల్యూపీసీ (కర్రపొడిని తరచుగా పీవీసీ ప్లాస్టిక్‌తో కలిపి చేసేది), పీవీసీ ఫోమ్ బోర్డుల వాడకం బాగా పెరిగింది, వాటి ముక్కలు వడ్రంగుల దగ్గర ఊరికే దొరుకుతాయి. అవి కొన్నిసార్లు చెక్క రంగులోనే ఉంటాయి. పీవీసీలో క్లోరిన్ ఉంటుంది. లేజర్ వేడికి అది హైడ్రోజన్ క్లోరైడ్ వాయువుగా మారి ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది, యంత్రంలోని పట్టాలను, బేరింగులను, అద్దాలను తుప్పు పట్టించి పాడుచేస్తుంది. అనుమానం వస్తే ఆరుబయట ఒక పరీక్ష చేయవచ్చు. రాగి తీగ కొసను పటకారుతో పట్టుకుని ఎర్రగా కాల్చి, ఆ ముక్కకు అద్ది, మళ్లీ మంటలో పెట్టాలి. మంట ఆకుపచ్చగా మారితే అందులో క్లోరిన్ ఉన్నట్లే. ఆ ముక్కను యంత్రం దరిదాపులకు రానీయకూడదు.

పైన మెరిసే పొర అంటించిన ప్రీలామ్ బోర్డులను, సన్‌మైకా అతికించిన ముక్కలను కూడా పక్కన పెట్టాలి. ఆ పొర ప్లాస్టిక్‌దో, రెజిన్ పట్టించిన కాగితానిదో చూపుతో చెప్పలేము. పాత పెయింటు, పాలిష్ ఉన్న కర్రలకూ, చెదల మందు పట్టించిన కలపకూ ఇదే వర్తిస్తుంది.

ఓడరేవు ఉన్న నగరం కావడంతో విశాఖలో ప్యాకింగ్ చెక్కలు, పాలెట్లు (సరుకును పేర్చి ఎత్తే చెక్క చట్రాలు) విరివిగా కనబడతాయి. దిగుమతి సరుకుతో వచ్చిన పాలెట్ మీద కాల్చి వేసిన ముద్ర ఒకటి ఉంటుంది. అందులో గోధుమ వెన్ను గుర్తు, దేశపు సంకేతాక్షరాలు, వాటి తరువాత హెచ్‌టీ లేదా ఎంబీ అనే అక్షరాలు ఉంటాయి. హెచ్‌టీ అంటే వేడితో శుద్ధి చేసినది, అది తీసుకోవచ్చు. ఎంబీ అంటే మిథైల్ బ్రోమైడ్ అనే విషవాయువు పట్టించినది, అది వద్దు. హెచ్‌టీ పాలెట్ అయినా దాని పట్టీలు లేజర్ కోతకు మందం ఎక్కువ. వాటిని సామిల్లులో పలుచగా చీల్పించి, చిత్రిక పట్టించాలంటే మేకుల భయంతో మిల్లువారు ఒప్పుకోరు, ఒప్పుకున్నా కూలి ఎక్కువ పడుతుంది. అందుచేత పాలెట్ చెక్క మీద పేర్లు, బొమ్మలు ఎంగ్రేవ్ చేయడం లాభసాటి, దానిని పలుచని పలకగా మార్చుకోవాలనుకోవడం నష్టం.

ఊరిలో ఎక్కడ అడగాలి

పెద్ద షీట్లకు ప్లైవుడ్, హార్డ్‌వేర్ దుకాణాలే ఆధారం. గాజువాక నుంచి మధురవాడ వరకు కొత్త అపార్ట్‌మెంట్లు లేచిన ప్రతి చోటా ఇవి ఉన్నాయి. అడిగే తీరు ముఖ్యం. “పలుచని చెక్క కావాలి” అంటే ఏది చేతికి అందితే అది చూపిస్తారు. “మూడు ఎంఎం ప్లెయిన్ ఎండీఎఫ్ ఎనిమిది బై నాలుగు షీటు కావాలండీ, ప్రీలామ్ వద్దు, ఎక్స్‌టీరియర్ గ్రేడ్ వద్దు, కోసి ఇస్తారా?” అని అడిగితే ఆ ఒక్క మాటతో దుకాణదారుకు మన అవసరం అర్థమవుతుంది. చెప్పిన ధర చదరపు అడుగుకా, షీటుకా, జీఎస్‌టీ కలిపా, కలపకుండానా అని వెంటనే తేల్చుకోవాలి. పైన ఉన్న షీటు కాకుండా మధ్యలోంచి తీయించడం కూడా మంచిది. పై షీటు దుమ్ము, తేమ, ఎండల దెబ్బకు వంగి ఉంటుంది.

పెద్ద దుకాణాల కన్నా ముందు చూడవలసిన చోటు ఒకటుంది, అది ఫోటో ఫ్రేములు కట్టే దుకాణం. ఫ్రేముల వెనక బిగించడానికి వారు పలుచని ఎండీఎఫ్ గాని, హార్డ్‌బోర్డు గాని షీట్లుగా తెప్పించి రోజూ కోస్తుంటారు. వారి దగ్గర మిగిలే పట్టీలు చెవి కమ్మలకు, కీచైన్లకు, ట్యాగులకు సరిగ్గా సరిపోతాయి. వీటిలో ఎండీఎఫ్‌నే ఎంచుకోవాలి. ముదురు రంగు హార్డ్‌బోర్డు పొగ ఎక్కువ విడుస్తుంది, దాని మీద ఎంగ్రేవింగ్ కనబడదు.

ఇంటీరియర్ పని జరుగుతున్న అపార్ట్‌మెంట్లలో వడ్రంగి మేస్త్రీతో పరిచయం పెట్టుకోవడం మరో మంచి మార్గం. పని ముగిసేటప్పటికి మిగిలిన ముక్కలను చెత్తతో పాటు బయట పడేస్తారు. ముందే మాట్లాడుకుని, ఇంటి యజమాని అనుమతితో, ఏ మందం కావాలో చెప్పి ఉంచితే మేస్త్రీయే విడిగా తీసి పెడతాడు. దానికి ఎంతో కొంత ఇవ్వడం న్యాయం, అలా ఇస్తేనే తరువాతి పనిలోనూ మనల్ని గుర్తుపెట్టుకుంటాడు. అయితే ఇలా వచ్చే ముక్కలు ఒక్కొక్కటి ఒక్కో కంపెనీవి కాబట్టి, ఒకే తీరు వస్తువులు వందల సంఖ్యలో చేయవలసిన ఆర్డరుకు వీటిని నమ్ముకోకూడదు. సైన్‌బోర్డులు, యాక్రిలిక్ అక్షరాలు కోసే దుకాణాలను కూడా అడిగి చూడవచ్చు. వారి దగ్గర దొరికే చెక్క అప్పటికే లేజర్‌పై పరీక్షకు నిలిచినదై ఉంటుంది.

అసలైన కర్ర కావాలనుకునేవారు టింబర్ డిపోల్లోను, సామిల్లుల్లోను విచారించాలి. అరకు, పాడేరు ప్రాంతాల కాఫీ తోటల్లో నీడ కోసం పెంచే సిల్వర్ ఓక్ లేతరంగు కర్ర, అది పలకగా దొరికితే ఎంగ్రేవింగ్‌కు పనికివస్తుంది. ఏ కర్ర కొన్నా బిల్లుతోనే కొనాలి. కలప రవాణాకు అటవీ శాఖ నిబంధనలు ఉన్నాయి. ఏటికొప్పాక బొమ్మలకు వాడే అంకుడు కర్ర సన్నని పోగుతో, దంతపు రంగులో ఉండి లేజర్ గీతకు ఎంతో అనువైనది. కాని అది ఆ కళాకారులకు జీవనాధారం, వారికే చాలినంత దొరకడం కష్టంగా ఉంది. బొమ్మల తయారీలో మిగిలిన తునకలను వారు ఇష్టపడి అమ్మితే తీసుకోవాలి గాని, ఆ కర్ర కోసం వారితో పోటీ పడకూడదు.

షీటును కోయించడం, ధర లెక్క కట్టడం

ఎనిమిది అడుగుల పొడవు, నాలుగు అడుగుల వెడల్పు ఉన్న షీటు మిల్లీమీటర్లలో 2440, 1220 అవుతుంది. 3 ఎంఎం ఎండీఎఫ్ షీటు బరువు సుమారు ఆరున్నర, ఏడు కిలోలే కాబట్టి మోయడం కష్టం కాదు, కాని బీచ్ రోడ్డు గాలిలో బైకు మీద పెట్టుకుని తేవడం ప్రమాదకరం. దుకాణంలోనే యంత్రం బెడ్డుకు (చెక్కను పరిచే బల్లకు) సరిపడేలా కోయిస్తే ఆటోలో తెచ్చుకోవచ్చు. బెడ్డు 300, 200 మిల్లీమీటర్లు అయితే వెడల్పులో నాలుగు, పొడవులో పన్నెండు, మొత్తం 48 పలకలు వస్తాయి. రంపపు కోతకు పోయే మూడేసి మిల్లీమీటర్లు కూడా మిగిలే అంచులోనే సర్దుకుంటాయి. 400, 400 బెడ్డుకు 18 పలకలు వస్తాయి. ఈ లెక్కను కాగితం మీద గీసి దుకాణదారుకు ఇస్తే పొరపాటు జరగదు.

ఇప్పుడు ధర. లెక్క కోసం ఒక ప్లైవుడ్ షీటు రూ. 900 అనుకుందాం. కోత కూలి, ఆటో కలిపి మరో రూ. 250 అయితే మొత్తం రూ. 1,150. దానిని 48తో భాగిస్తే పలకకు సుమారు రూ. 24 పడుతుంది. అయితే ఆ షీటులో లోపలి ముడులు, పుట్టీ వల్ల నాలుగింట ఒకటి సరిగా తెగలేదనుకుంటే మిగిలేవి 36 పలకలే, అప్పుడు ఒక్కొక్కటి సుమారు రూ. 32కు చేరుతుంది. అదే రూ. 1,200 పెట్టి కొన్న మేలైన షీటు అంతా శుభ్రంగా తెగితే, ఖర్చులతో కలిపి పలకకు రూ. 30 చాలు. ఖరీదు ఎక్కువ అనుకున్నదే చవక అయింది, యంత్రం వృథాగా తిరిగిన సమయాన్ని ఇందులో కలపనే లేదు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలోను, ఇతర కళాశాలల్లోను నమూనాలు చేసే విద్యార్థులు ముగ్గురు నలుగురు కలిసి ఒక షీటు పంచుకుంటే ఆటో ఖర్చు కూడా పంచుకున్నట్లవుతుంది.

6 ఎంఎం మందం అవసరమైన చోట ఆ మందపు షీటు కొనకుండా, 3 ఎంఎం ముక్కలను రెండు కోసి ఫెవికాల్‌తో అతికించి బరువు కింద ఆరబెట్టవచ్చు. యంత్రానికి శ్రమ తగ్గుతుంది, రెండు మందాలు నిల్వ చేసుకోవలసిన పని ఉండదు.

కొనే ముందు ఒక ముక్కను పరీక్షించడం

ఎక్కువ షీట్లు కొనేముందు అదే లాటులోంచి అరచేతి వెడల్పు ముక్క ఒకటి అడిగి తీసుకోవాలి. చాలామంది దుకాణదారులు కాదనరు. ప్లైవుడ్ అయితే ముందు అంచును పరిశీలించాలి. పొరల మధ్య చీకటి గీతలా ఖాళీలు కనబడినా, పసుపు రంగు పుట్టీ నింపినట్లు ఉన్నా ఆ షీటు వద్దు. పుట్టీ కిరణాన్ని ఆపేస్తుంది. షీటును వేలి కణుపుతో అక్కడక్కడా తట్టి చూడాలి, బోలు శబ్దం వచ్చిన చోట లోపల ఖాళీ ఉన్నట్లే. మందాన్ని వెర్నియర్ కాలిపర్‌తో నాలుగు మూలలా కొలవాలి. 3 ఎంఎం అని అమ్మేది 2.7 కావచ్చు, 3.2 కావచ్చు, ఒకే షీటులో రెండూ ఉండవచ్చు. ఒకదానిలో ఒకటి ఇమిడే పెట్టెలు చేసేవారికి ఈ తేడా ప్రాణాంతకమైనది, పేరు పలకలు చేసేవారికి అంత ముఖ్యం కాదు.

ఆ ముక్క మీద పది మిల్లీమీటర్ల వృత్తాలను మూడు వరుసలుగా, వరుసకో వేగంతో కోయాలి. ఎయిర్ అసిస్ట్ (కోత మీదికి గాలి ఊదే అమరిక) వేసి, ఫోకస్ సరిచూసుకుని కోసిన తరువాత ముక్కను తిరగేసి వెనక వైపు చూడాలి. ఒక వరుసలో వృత్తాలన్నీ వాటంతట అవే రాలిపడితే ఆ వేగం సరిపోయినట్లు. ఒకే వరుసలో నాలుగు రాలి, ఒకటి అంటిపెట్టుకుని ఉంటే లోపం యంత్రానిది కాదు, చెక్కది. ఆ చోట చాకుతో పొర తీసి చూస్తే నల్లని జిగురు ముద్దో, ముడో కనబడుతుంది. తెగిన రంధ్రాన్ని కొలిచి, పది మిల్లీమీటర్లకు ఎంత తేడా వచ్చిందో చూస్తే కిరణం తినే వెడల్పు కూడా తెలుస్తుంది. ఆ ముక్క మీదనే పెన్సిల్‌తో దుకాణం గుర్తు, తేదీ, వేగం, శక్తి రాసి దాచుకోవాలి. మళ్లీ కొనడానికి వెళ్లినప్పుడు ఆ ముక్కను జేబులో వేసుకుని వెళితే, కొత్త లాటు పాతదానిలాగే ఉందో లేదో పక్కపక్కన పెట్టి చూడవచ్చు. కోత నడుస్తున్నంత సేపు యంత్రం దగ్గరే ఉండాలి. మంట అంటుకుంటే క్షణాల్లో పెరుగుతుంది.

తేమలో నిల్వ

సముద్రతీరపు తేమ పలుచని చెక్కకు పెద్ద శత్రువు. షీట్లను గోడకు ఆనించి నిలబెడితే కొద్ది రోజుల్లోనే విల్లులా వంగుతాయి. వంగిన పలక మీద కిరణం ఫోకస్ ఒక చోట కుదిరి మరో చోట తప్పుతుంది, కోత సగంలో ఆగిపోతుంది. నేలకు ఎత్తుగా, సమతలమైన చోట బల్లపరుపుగా పేర్చి, మందపాటి పాలిథీన్ కవరు చుట్టి, పైన బరువు పెట్టాలి. వానాకాలంలో తేమ పట్టిన ఎండీఎఫ్ అంచు ఉబ్బిపోతుంది, అలా ఉబ్బిన అంచు మళ్లీ మామూలు మందానికి రాదు కాబట్టి, రెండు మూడు నెలల అవసరానికి మించి నిల్వ పెట్టుకోకపోవడమే పొదుపు. ప్లైవుడ్ పలక కొద్దిగా వంగితే, లోపలికి గుంటపడిన వైపు తడిబట్టతో తుడిచి, రెండు చదునైన బల్లల మధ్య పెట్టి, ఒక రాత్రి బరువు కింద ఉంచితే చాలావరకు సరవుతుంది. మరుసటి రోజు పూర్తిగా ఆరిన తరువాతే యంత్రంలో పెట్టి, నాలుగు మూలలా అయస్కాంతాలతో బెడ్డుకు అదిమి ఉంచి కోయాలి.